ఆట ఎవరిది? మాట ఎవరిది? – రేడియో క్రీడాప్రసార హక్కుల చరిత్ర

పీఠిక

'హక్కు' అను మాటను మనము దినమునకు పదిసార్లు వాడుదుము. ఇది అరబ్బీ మాట. ఆ భాషలో 'హఖ్' అనగా సత్యము. ఒకనికి న్యాయముగా చెందవలసినది అనియు అర్థము. పారసీ, ఉర్దూల మీదుగా తెలుగునకు వచ్చునప్పటికి మొదటి అర్థము వెనుకబడి, రెండవది మాత్రము నిలిచినది. 'కౌలు' అను మాటయు ఆ వంశమునదే. 'ఖౌల్' అనగా పలికిన మాట. ఇచ్చిన మాట ఒప్పందమైనది. ఒప్పందము భూమి మీద కౌలైనది. ఇక 'వేలము' పోర్చుగీసు వర్తకుల వెంట మన తీరమున దిగిన మాట. ఉర్దూను తెలుగును ఒకే కప్పు క్రింద చదువుకొను మన కళాశాల విద్యార్థులకు ఈ మూడు మాటల సాయముతో ఒక చిత్రమైన చరిత్రను చెప్పదలచినాను. అది రేడియోలో ఆటల వ్యాఖ్యానము అమ్మకపు సరుకుగా మారిన చరిత్ర.

ఆటగాడు ఆడును. మైదానపు యజమాని గోడ కట్టి టిక్కెట్టు అమ్మును. చూచినవాడు చూచినది నలుగురికి చెప్పును. ఇంతవరకు చిక్కు లేదు. కాని చెప్పువాని ముందు మైకు నిలిచి, అతని మాట లక్షలమంది చెవులకు చేరినప్పుడు ఒక ప్రశ్న పుట్టును. ఆట ఒకరిదైనచో ఆ ఆటను గూర్చిన మాట ఎవరిది? చెట్టు యజమానిదే, బాట మీద పడిన దాని నీడ ఎవరిది? ఈ ప్రశ్నకు ప్రపంచమందలి న్యాయస్థానములు ఒకే జవాబు చెప్పలేదు. ఒక్క సంవత్సరము వ్యవధిలో రెండు దేశముల న్యాయస్థానములు పరస్పర విరుద్ధముగా తీర్పు చెప్పినవి. ఆ రెండు తీర్పులును మన దేశమున తరువాత జరిగిన వాదమును అర్థము చేసికొనుటకు మిక్కిలి ఉపకరించును.

ఉచితముగా మొదలైన ముచ్చట

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున వెస్టింగ్‌హౌస్ అను విద్యుత్ పరికరముల సంస్థ కె.డి.కె.ఎ. అను రేడియో కేంద్రమును నెలకొల్పి, 1920 నవంబరు 2న దేశాధ్యక్ష ఎన్నికల ఫలితములను ప్రసారము చేసినది. మరుసటి సంవత్సరము ఆగస్టు 5న ఆ నగరపు ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానమునుండి పిట్స్‌బర్గ్ పైరేట్స్, ఫిలడెల్ఫియా ఫిల్లీస్ జట్ల బేస్‌బాల్ ఆటను అదే కేంద్రము శ్రోతలకు వినిపించినది. పైరేట్స్ 8-5 తేడాతో గెలిచిరి. వ్యాఖ్యానము చేసిన హెరాల్డ్ ఆర్లిన్ వృత్తిచేత వ్యాఖ్యాత కాడు. ఆ సంస్థలోనే ఇంజనీరు. పెద్ద లీగు బేస్‌బాల్‌కు ఇదియే మొదటి రేడియో ప్రసారమని చరిత్రకారులు చెప్పుదురు.

ఆనాడు 'ప్రసార హక్కు' అను మాటయే లేదు. వెస్టింగ్‌హౌస్‌కు కావలసినది రేడియో సెట్లు అమ్ముడుపోవుట. వినుటకు ఏదైన ఉన్నగాని జనము సెట్టు కొనరు. ఆట ఆ పనికి చక్కగా పనికివచ్చినది. జట్ల యజమానులు దీనిని ఒక వింతగా చూచిరేగాని, తమ సొత్తును ఎవరో కొనిపోవుచున్నారని తలచలేదు.

ఆ తలపు కొలది సంవత్సరములకే వచ్చినది. అప్పటి జట్లకు ఆదాయమంతయు గేటు వద్ద వసూలగు టిక్కెట్టు సొమ్మే. ఇంట కూర్చుండి ఊరక వినగలవాడు టిక్కెట్టు కొని ఎండలో వచ్చి కూర్చుండునా? ఈ భయము యజమానులను రెండుగా చీల్చినది.

షికాగోలో కబ్స్ జట్టు యజమాని విలియం రిగ్లీ చూయింగ్ గమ్ వ్యాపారి. ప్రకటనల విలువ తెలిసినవాడు. ఆయన తన మైదానపు తలుపులను రేడియో కేంద్రములన్నిటికి ఉచితముగా తెరచెను. ఒకే ఆటను ఒకే సమయమున పలు కేంద్రములు పోటీపడి వినిపించిన దినములు అక్కడ కలవు. 1927లో ఆ జట్టు ఆటలకు వచ్చిన ప్రేక్షకులు పది లక్షలు దాటిరి. నేషనల్ లీగు చరిత్రలో అంతకుముందు ఏ జట్టునకును ఆ సంఖ్య దక్కలేదు. ఈ వృద్ధికంతకు రేడియోయే కారణమని అనజాలము. జట్టు ఆటయు మెరుగుపడినది. కాని రేడియో గేటును కూల్చునను భయము నిజము కాదని తేలినది.

న్యూయార్క్ నగరపు మూడు జట్లు ఇందుకు విరుద్ధమైన మార్గము పట్టినవి. యాంకీస్, జయంట్స్, డాడ్జర్స్ యజమానులు 1934 నుండి 1938 వరకు ఐదేండ్లు తమ ఆటలను రేడియోలో వినిపింపనీయరాదని తమలో తాము ఒప్పందము చేసికొనిరి. అమెరికాలోకెల్ల పెద్ద నగరమున, ఆట జరుగుచున్నను ఆకాశము మౌనము వహించినది. 1938లో బ్రూక్లిన్ డాడ్జర్స్ నిర్వహణకు వచ్చిన లారీ మక్‌ఫెయిల్ ఆ ఒప్పందమును పొడిగించుటకు నిరాకరించెను. 1939లో రెడ్ బార్బర్ అను వ్యాఖ్యాతను వెంటబెట్టుకొని ప్రసారము ప్రారంభించెను. తక్కిన రెండు జట్లు అదే సంవత్సరము ఆయన బాట పట్టక తప్పలేదు. పోటీ లేనంతకాలము మౌనము లాభము. ఒక్కడు నోరు విప్పినచో మౌనము నష్టము. వర్తక సూత్రము ఇంతియే.

తంతి మీద నడచిన ఆట

ఆ కాలపు శ్రోత విన్నదంతయు మైదానమునుండి వచ్చినది కాదు. దూరపు ఊరిలో ఆట జరిగినచో వ్యాఖ్యాతను అక్కడకు పంపుట ఖర్చుతో కూడిన పని. అందుచేత తంతి గుమాస్తా మోర్సు సంకేతములలో పంపిన నాలుగైదు అక్షరములను చేతబుచ్చుకొని, స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాత తన ఊహతో ఆటను నిర్మించెడివాడు. కొయ్యపై కర్రతో కొట్టి బ్యాటు చప్పుడు పుట్టించుట, ప్రేక్షకుల కేకలు గ్రామఫోను రికార్డుపై వినిపించుట పరిపాటి.

తరువాతి కాలమున అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ 1930ల దశకమున అయోవా రాష్ట్రమందలి ఒక రేడియో కేంద్రమున ఈ పనియే చేసెను. ఒకనాడు కబ్స్ ఆట నడుమ తంతి తెగినది. ప్రసారము ఆపినచో శ్రోతలు వేరొక కేంద్రమునకు తిప్పుదురు. ఆ ఆటను మరికొన్ని కేంద్రములును వినిపించుచున్నవి. రీగన్ తంతి తిరిగి పలుకువరకు బ్యాటు పట్టినవానిచేత, వచ్చిన ప్రతి బంతిని హద్దు వెలుపలికి కొట్టించుచు నిమిషముల కొలది కాలము గడిపెను. ఈ ముచ్చటను ఆయనయే పలుమార్లు చెప్పుకొని నవ్వెడివాడు.

ఇది నవ్వుకొనుటకు మాత్రమే కాదు. ఇక్కడ ఆట లేదు, మైదానము లేదు, ఉన్నది మాట మాత్రమే. ఆ మాటలో సగము వ్యాఖ్యాత కల్పన. అట్టి మాటపై మైదానపు యజమానికి ఏ అధికారము కలదు? ప్రశ్న పదునెక్కినది. ఇక న్యాయస్థానమునకు పోక తప్పలేదు.

మంచె మీది వ్యాఖ్యాత: సిడ్నీ, 1937

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున విక్టోరియా పార్క్ అను గుఱ్ఱపు పందెముల మైదానము ఉండెడిది. యజమాని ఒక సంస్థ. మైదానము చుట్టును కంచె; లోనికి పోవలెనన్న రుసుము. ఆ కంచెకు ఎదురుగా ఉన్న ఇంటి యజమాని తన ఆవరణలో, మన రైతులు చేలలో పిట్టలు తోలుటకు మంచె వేసికొన్నట్లు, ఎత్తైన కొయ్య మంచె కట్టించెను. దానిపై నిలిచిన వ్యాఖ్యాత లోపలి పందెములను చూచుచు, టెలిఫోను ద్వారా చెప్పుచుండగా టూ యు.డబ్ల్యు. అను రేడియో కేంద్రము ఆ మాటలను ఊరంతటికి వినిపించెడిది. ఇంటనో అంగడిలోనో కూర్చుండి పందెము కాయగలవాడు మైదానమునకు పోవలసిన పని లేదు. సంస్థకు రాబడి తగ్గినది. దావా పడినది.

ఆస్ట్రేలియా హైకోర్టు 1937లో ముగ్గురు న్యాయమూర్తులు ఒక వైపు, ఇద్దరు మరొక వైపు నిలిచి తీర్పు చెప్పినది. అధిక సంఖ్యాకుల వాదము సూటియైనది. ఆ ఇంటివాడు సంస్థ భూమిలో అడుగుపెట్టలేదు. ఏ ఒప్పందమును ఉల్లంఘింపలేదు. తన నేలమీద నిలిచి చూచినాడు, చూచినది చెప్పినాడు. పొరుగువాని కంచె మీదుగా చూచుట నేరమని చట్టమున లేదు. అది గిట్టనిచో సంస్థ తన కంచెను ఎత్తుగా కట్టుకొనవచ్చును. కనుచూపునకు అందిన దృశ్యము ఎవరి ఆస్తియు కాదు.

అల్ప సంఖ్యాకులైన ఇద్దరు న్యాయమూర్తులు దీనికి అంగీకరింపలేదు. తన నేలను తాను అనుభవించుట వేరు. పొరుగువాని శ్రమఫలమును నిరంతరము తరలించుకొనిపోవుటకు ఆ నేలను సాధనముగా చేసికొనుట వేరు అని వారి భావము. వారిలో ఒకరైన రిచ్, రాబోవు టెలివిజన్‌ను కూడ తలచి, ఈ తీర్పు ఎంత ముఖ్యమైనదో హెచ్చరించిరి.

గోడ మీది చూపు: పిట్స్‌బర్గ్, 1938

మరుసటి సంవత్సరము, ఏ మైదానమునుండి మొదటి బేస్‌బాల్ ప్రసారము జరిగినదో ఆ ఫోర్బ్స్ ఫీల్డ్ మీదనే ఇట్టి తగాదా పుట్టినది. పైరేట్స్ జట్టు తన ఆటల ప్రసారమునకు ఏకైక హక్కును జనరల్ మిల్స్ అను సంస్థకు అమ్మినది. ఆ సంస్థ ఏర్పాటు మేరకు కె.డి.కె.ఎ., డబ్ల్యు.డబ్ల్యు.ఎస్.డబ్ల్యు. కేంద్రములు ఆటలను వినిపించవలెను. అదే నగరమందలి కె.క్యు.వి. అను కేంద్రము హక్కు కొనలేదు. మైదానము వెలుపల, గోడ మీదుగా ఆట కనబడు ఒక స్థలమును అద్దెకు తీసికొని, అక్కడ తన మనుష్యులను నిలిపి, వారు చెప్పినదానిని ప్రసారము చేసినది.

సిడ్నీ తీర్పు ప్రకారమైనచో కె.క్యు.వి. తప్పు లేదు. కాని అమెరికా ఫెడరల్ న్యాయస్థానము ఇందుకు వ్యతిరేకముగా నిర్ణయించినది. ఆటను ఏర్పాటు చేసినది జట్టు, మైదానము దాని అదుపులో ఉన్నది, ఆటగాండ్లకు జీతములిచ్చుచున్నది, ఆట వార్త వెలుపలికి పోకుండ కట్టుబాటు చేసికొన్నది. కావున ఆ వార్తపై, ఆట జరిగిన తరువాత సహేతుకమైన కొంతకాలము వరకు, జట్టునకు ఆస్తి హక్కు కలదు. దానిని తీసికొనుట అన్యాయపు పోటీ. ఈ కారణములతో న్యాయస్థానము మధ్యంతర నిషేధాజ్ఞ ఇచ్చినది. తన ప్రసారమున ప్రకటనలు లేవు, తనకు రాబడి లేదు అని కె.క్యు.వి. చెప్పిన సమాధానమును అది అంగీకరింపలేదు. ఆట వినిపించి శ్రోతలను సంపాదించుట, ఆ శ్రోతలను చూపి మునుముందు ప్రకటనలు సంపాదించుటకే గదా అని దాని తర్కము.

ఈ రెండు తీర్పులలో ఏది సరియైనది? సిడ్నీ న్యాయమూర్తులు భూమిని చూచిరి. ఎవరి హద్దు ఎవరు దాటినారని అడిగిరి. పిట్స్‌బర్గ్ న్యాయమూర్తి శ్రమను చూచెను. ఎవరి కష్టమును ఎవరు అనుభవించుచున్నారని అడిగెను. ప్రశ్న మారినందున జవాబు మారినది. హక్కు అనునది కొండవలె స్వతస్సిద్ధముగా ఉండునది కాదనియు, మనుష్యులు ఒక ప్రశ్న వేసికొని నిర్మించుకొనునదనియు దీనివలన తెలియుచున్నది.

కొన్నవాడెవడు? అమ్ముడుపోయినదేమి?

పిట్స్‌బర్గ్ కథలో ఒక చిన్న విషయమును పాఠకులు జాగ్రత్తగా గమనింపవలెను. హక్కును కొన్నది రేడియో కేంద్రము కాదు, జనరల్ మిల్స్. అది గోధుమలు మరపట్టి పిండియు, ఉదయపు ఉపాహారములును అమ్ము సంస్థ. దానికి ఆటతో పని ఏమి? ఆట వినువాని చెవితో దానికి పని. ఆట నడుమ విరామమున తన ఉపాహారము పేరు ఆ చెవిలో పడవలెను. 1934లో బేస్‌బాల్ జగజ్జెట్టీల పోటీయగు వరల్డ్ సిరీస్ ప్రసారమునకు ఫోర్డు మోటారు సంస్థ లక్ష డాలర్లు చెల్లించినదియు ఇందుకొరకే. కావున కౌలు పత్రమున వ్రాసినది ఆటను గూర్చి అయినను, వాస్తవముగా చేతులు మారినది శ్రోత శ్రద్ధ. శ్రోత ఆ పత్రముమీద సంతకము చేయలేదు. అతనిని అడిగినవారును లేరు.

ఏకైక హక్కు స్థిరపడిన పిదప పోటీ రూపము మారినది. ఇదివరకు ఒకే ఆటను ఎవరు బాగుగ వినిపింతురని పోటీ. ఇప్పుడు ఎవరు ఎక్కువ పాడుదురని వేలము. 1939 నుండి వరల్డ్ సిరీస్ ప్రసారము మ్యూచువల్ అను ఒకే రేడియో వ్యవస్థకు దక్కినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము టెక్సాస్ రాష్ట్రమున గార్డన్ మక్లెండన్ అను యువకుడు లిబర్టీ అను వ్యవస్థను నెలకొల్పి, తంతి వార్తలతో ఆటలను పునర్నిర్మించు పాత పద్ధతినే మరింత నైపుణ్యముతో నడిపి, పెద్ద జట్లు లేని చిన్న ఊళ్లకు ప్రతిదినము బేస్‌బాల్‌ను చేర్చెను. నాలుగు వందలకు పైగా కేంద్రములు అతని ప్రసారములను గైకొన్నవి. జట్లు క్రమముగా హక్కులను బిగించినవి. 1952లో లిబర్టీ మూతపడినది. ఆ ఊళ్లవారు ఆటకు టిక్కెట్టు కొని వచ్చువారు కారు. మైదానము వారికి వందల మైళ్ల దూరము. అట్టివారికి ఆట వినబడకుండుట వలన గేటునకు కలిగిన లాభము స్వల్పము. శ్రోతకు కలిగిన నష్టము స్పష్టము.

నేడు అమెరికాలో జట్టునకును రేడియో కేంద్రమునకును నడుమ బేరము ముఖ్యముగా మూడు విధముల జరుగును. కేంద్రము జట్టునకు రుసుము చెల్లించి, ప్రకటనల రాబడిని తాను తీసికొనుట మొదటిది. జట్టే కేంద్రము వద్ద సమయమును కొని, ప్రకటనలను తాను అమ్ముకొనుట రెండవది. ఇరువురును రాబడిని పంచుకొనుట మూడవది. సెంట్ లూయిస్ కార్డినల్స్ జట్టు కథ ఇందుకు మంచి ఉదాహరణము. ఆ జట్టు ఆటలను దశాబ్దముల పాటు కె.ఎమ్.ఒ.ఎక్స్. అను ఏబదివేల వాట్ల కేంద్రము వినిపించినది. రాత్రివేళ మధ్య తరంగములు ఆకాశపు పై పొరలనుండి పరావర్తనము చెంది దూరప్రాంతములకు చేరుట మన పెద్దలకు అనుభవములోనిదే. ఆ కారణమున సుదూర రాష్ట్రముల పల్లెలలో కూడ కార్డినల్స్‌కు అభిమానులు ఏర్పడిరి. 2006లో ఆ జట్టు, తాను సగము వాటా కొన్న వేరొక కేంద్రమునకు ఆటలను మార్చినది. లెక్కల పుస్తకమున అది సబబే. కాని ఆ కేంద్రపు శక్తి చాల తక్కువ. రాత్రివేళ దూరపు శ్రోతకు చేరుచున్న ఆ పెద్ద గొంతు ఆటకు దూరమైనది. 2011లో జట్టు మరల పాత కేంద్రమునకే వచ్చినది. లెక్కలో చేరని శ్రోతకును విలువ కలదని ఐదేండ్ల అనుభవము చెప్పినది.

బ్రిటనులోను ఇట్టి పోటీ వచ్చినది. 1957 నుండి టెస్టు క్రికెట్ వ్యాఖ్యానమునకు బి.బి.సి. పెట్టినది పేరు. 1999-2000 సంవత్సరముల ఇంగ్లండు జట్టు దక్షిణాఫ్రికా పర్యటన హక్కును టాక్ రేడియో అను వాణిజ్య కేంద్రము ఎగరవేసికొనిపోయినది. టాక్‌స్పోర్ట్‌గా పేరు మార్చుకొన్న ఆ కేంద్రమే 2018లో శ్రీలంక పర్యటనను కూడ గెలిచినది.

హక్కునకు హద్దు

హక్కు ఎంత దూరము పోవచ్చును? అమెరికాలో ఒక టెలిఫోను పరికరముల సంస్థ బాస్కెట్‌బాల్ ఆటల అంకెలను చిన్న పేజరు పరికరముపై అప్పటికప్పుడు చూపుచుండగా జాతీయ బాస్కెట్‌బాల్ సంఘము దావా వేసినది. 1997లో అప్పీలు న్యాయస్థానము సంఘము వాదమును త్రోసివేసినది. ప్రసారము రచనవంటిది, దానికి కాపీరైటు కలదు. కాని ఆటలో ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చినవను సంగతి యథార్థము, యథార్థము ఎవరి సొత్తును కాదు అని దాని సారాంశము. మన దేశమున క్రికెట్ స్కోరును సెల్‌ఫోను సందేశములుగా పంపుట పై వచ్చిన తగాదాలో 2013లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనమును ఇట్టి భావమునే వెలిబుచ్చినది. ఆ వివాదము పిదప సుప్రీంకోర్టు మెట్లు ఎక్కినది. చెట్టు నీడను గూర్చి మనము మొదట వేసికొన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ కొంత దొరకినది. ఫలము యజమానిది, ఫలము పండినదను వార్త అందరిది.

మన దేశమున

భారతదేశమున కథ వేరు దారిలో నడచినది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ప్రకారము ప్రసారాధికారము ప్రభుత్వమునది. ఆకాశవాణికి పోటీయే లేదు. వేలము లేదు, బేరము లేదు. క్రికెట్, హాకీ వ్యాఖ్యానములు ఊరూరికి చేరినవి. ఈ మేలును మరువరాదు. కాని పోటీ లేనిచోట ఏది వినిపింపవలెనో, ఎంత వినిపింపవలెనో నిర్ణయించువాడును ఒక్కడే అగునను కీడును కలదు.

1993లో హీరో కప్పు క్రికెట్ పోటీల ప్రసార హక్కును బెంగాలు క్రికెట్ సంఘము టి.డబ్ల్యు.ఐ. అను విదేశీ సంస్థకు ఇచ్చినది. దూరదర్శన్ అభ్యంతరము చెప్పినది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము చరిత్రాత్మకమైన తీర్పునిచ్చినది. అందు రెండు పక్షములకును చురక కలదు. ఆకాశ తరంగములపై ప్రభుత్వమునకు గుత్తాధిపత్యము రాజ్యాంగమున లేదని ప్రభుత్వమునకు చెప్పినది. ధనము గలవాడు వేలము పాడి ఆ తరంగములను గుత్తకు తీసికొనుటయు కూడదని ప్రైవేటువారికి చెప్పినది. ఆకాశ తరంగములు ప్రజల ఆస్తి. వాటిని ప్రజాహితమునకై స్వతంత్ర సంస్థ నియంత్రింపవలెను. రాజ్యాంగము 19వ అధికరణము ఇచ్చిన భావప్రకటన స్వాతంత్ర్యమున వినుటకు, తెలిసికొనుటకు పౌరునికి గల హక్కు కూడ ఇమిడియున్నది.

సిడ్నీలో న్యాయస్థానము ముందు ఇద్దరు ఉండిరి: మైదానము గలవాడు, మంచె గలవాడు. పిట్స్‌బర్గ్‌లోను ఇద్దరే: హక్కు అమ్మి కొన్నవారు ఒక వైపు, హక్కు కొననివాడు మరొక వైపు. మన సుప్రీంకోర్టు ముందు మూడవవాడు వచ్చి నిలిచెను. అతడు శ్రోత. ఇదియే ఈ తీర్పు విశేషము.

2007లో పార్లమెంటు చేసిన క్రీడాప్రసార సంకేతముల చట్టము ఈ భావమునకు కొంత రూపమిచ్చినది. కేంద్ర ప్రభుత్వము జాతీయ ప్రాముఖ్యము కలదని ప్రకటించిన క్రీడను ఏ సంస్థ కొన్నను, ఆ ప్రసారమును ప్రకటనలు లేకుండ ప్రసారభారతితో ఏకకాలమున పంచుకొనవలెను. దానివలన వచ్చు ప్రకటన రాబడిలో హక్కుదారునకు టెలివిజన్ విషయమున నూటికి 75కు తగ్గకుండ, రేడియో విషయమున 50కి తగ్గకుండ చెందవలెను. కొన్నవాని ధనమును చట్టము కాజేయలేదు. కొననివాని చెవిని మూయనీయలేదు.

అయినను కొరత తీరలేదు. ప్రకటింపబడని పోటీలకు ఈ రక్షణ లేదు. 2000 సంవత్సరము నుండి ఎఫ్.ఎమ్. అనుమతులను వేలము వేసినను, 2011 నాటి విధానము ఆ ప్రైవేటు కేంద్రములకు క్రీడా సమాచారమును మాత్రమే అనుమతించి, ప్రత్యక్ష ప్రసారమును నిషేధించినది. స్థానిక క్రీడల వ్యాఖ్యానమునకు మాత్రము వీలు కల్పించినది. 2019లో క్రికెట్ నియంత్రణ మండలియు ఆకాశవాణియు రెండేండ్లకు ఒప్పందము చేసికొని, అంతర్జాతీయ పోటీలతో పాటు రంజీ ట్రోఫీ వంటి స్వదేశీ పోటీల, స్త్రీల క్రికెట్ పోటీల వ్యాఖ్యానమును వినిపించుటకు పూనుకొన్నవి. ఇట్టి ఒప్పందము ఉన్నంతకాలము వినబడును, లేనినాడు వినబడదు.

ఉపసంహారము

టెలివిజన్, సెల్‌ఫోను ఉన్న ఈ కాలమున రేడియో వ్యాఖ్యానమునకై ఇంత చర్చ ఎందుకని విద్యార్థులు అడుగవచ్చును. రాత్రి లారీ నడుపువాని కన్నులు బాట మీద ఉండవలెను. చెవులు మాత్రమే ఖాళీ. అంగడి కాపలావాడు, మగ్గము ముందు కూర్చున్న నేతగాడు చేతి పని విడువక వినగలరు. చూపు లేని విద్యార్థికి వ్యాఖ్యాత గొంతే మైదానము; బంతి ఎక్కడ పడినదో, ఫీల్డరు ఎటు పరుగెత్తెనో అతడు ఆ గొంతులోనే చూచును. బొమ్మ చూపువాడు చెప్పక విడిచిన దానిని రేడియోవాడు చెప్పి తీరవలెను. అందుచేత ఈ హక్కు ఎవరి చేత ఉన్నదను ప్రశ్న వీరందరికిని సంబంధించినది.

చరిత్రయంతయు చూచిన పిదప నాకు తోచిన కొలబద్ద ఒకటే. హక్కు పలికించుటకు వాడబడినదా, మౌనమునకు వాడబడినదా? పిట్స్‌బర్గ్ జట్టు తన శ్రమకు ఫలము కోరినది. ఆట మాత్రము మానక వినిపించినది. అది న్యాయము. న్యూయార్క్ జట్లు ఐదేండ్లు ఎవరికిని వినిపింపక నోరు కట్టినవి. లిబర్టీ మూతపడిన నాడు చిన్న ఊళ్లకు ప్రతిదినము అందిన ఆ గొంతు మూగవోయినది. అది హక్కు పేర జరిగినను న్యాయమనజాలము. కష్టపడినవానికి కౌలు దక్కవలెను. వేలము కూడ జరుగవచ్చును. కాని కౌలుదారు చేనిని బీడు పెట్టుటకు కౌలు తీసికొనరాదు.

అరబ్బీ 'హఖ్'నకు సత్యమను అర్థము మొదటిదని పీఠికలో చెప్పియుంటిని. తెలుగునకు వచ్చు దారిలో ఆ అర్థము జారిపోయినది. హక్కును గూర్చి వాదించు ప్రతిచోట, అది క్రీడామైదానమైనను, పొలము గట్టైనను, జారిపోయిన ఆ మొదటి అర్థమును మరల జ్ఞప్తికి తెచ్చుకొనుట చదువుకొన్నవారి విధి.